తొంభై ఏడేళ్ల మామ్మ

మా మామ్మ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. "ఢిల్లీలో రాజుగారి దర్బారు జరిగిన యేడు" అని మాత్రం ఆమె చెప్పేది. ఐదవ జార్జి చక్రవర్తి దర్బారు జరిగింది 1911 డిసెంబరులో. ఆ సంబరం పేరిట ఊరి బడిలో పిల్లలకు పటికబెల్లం పంచిన వారంలోనే తన బారసాల జరిగిందని తల్లి చెప్పగా ఆమె విన్నదట. ఆ లెక్క ప్రకారం 2009 ఫిబ్రవరిలో కన్నుమూసేనాటికి ఆమె వయస్సు తొంభై ఏడు సంవత్సరాలు.

ఇన్నేళ్లలో ఆమె గొంతెత్తి మాట్లాడగా విన్నది ఒక్కనాడే. ఆనాటి సంగతి తరువాత చెబుతాను.

మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. కృష్ణాజిల్లాలో చాలా ఇళ్లలో నాయనమ్మను అలాగే పిలుస్తారు. కృష్ణానది సముద్రాన్ని చేరబోతూ పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ, బంగాళాఖాతానికీ మధ్యనున్న లంకభూమిని దివిసీమ అంటారు. అవనిగడ్డకు దక్షిణంగా, సముద్రానికి పది మైళ్ల దూరంలో ఉన్నది మా ఊరు. మా నాన్నగారు ఉద్యోగరీత్యా ఊళ్లు తిరుగుతూ ఉండడం వల్ల నేను పదకొండవ ఏడు వచ్చేవరకు అక్కడ మామ్మ దగ్గరే పెరిగాను.

ఆమె బక్కపలుచని మనిషి. నడిస్తే అడుగుల చప్పుడు వినిపించేది కాదు. వేకువజామున మమ్మల్ని నిద్రలేపవలసి వస్తే పిలిచేది కాదు, అరికాళ్లు మెల్లగా నిమిరేది. దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దుటి నుంచీ ఎర్రగా కాగిన పాల మీది మీగడను ఏ మనుమడికి ముందు పెట్టాలన్నది మా ఇంట్లో నిత్యమూ నడిచే తగాదా. తగువులాడుకునే ఇద్దరినీ చెరొక వైపునా కూర్చోబెట్టుకొని, చింతపండు బుట్ట ముందుకు జరిపి, "కాస్త గింజలు తీసిపెట్టండి నాన్నా" అనేది. పది నిమిషాలు గడిచేసరికి చేతులు జిగటగా అయ్యేవి, పోట్లాట మాట మరచిపోయేవాళ్లం. తోడికోడళ్ల మధ్య మాట పట్టింపులు వచ్చినప్పుడు కూడా ఆమె ఇదే వైద్యం చేసేది. మా ఇంట్లో చింతపండు ఎప్పుడూ శుభ్రంగా ఉండడానికి కారణం ఇదేనని మా పిన్ని నవ్వుతూ అనేది.

కూలి ధాన్యం కొలిచే పని ఆమెది. కుంచం పైన చేత్తో రాసి, తలకొట్టి కొలవడం ఆ రోజుల్లో ఆనవాయితీ. మామ్మ ఆ పని చేసేది కాదు. కుప్పగా పోసిన గింజలు జారినన్ని జారి, నిలిచినన్ని నిలిచేవి. ఒకసారి కళ్లంలో ఒక పాలేరు భార్య కొంగులో నాలుగు గుప్పెళ్ల ధాన్యం మూటగట్టుకోవడం నేను చూశాను. పరుగున వచ్చి మామ్మకు చెప్పాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మర్నాడు ఆ ఇల్లాలు కూలికి వచ్చినప్పుడు, "నీ చంటిదానికి ఒంట్లో బాగాలేదట కదమ్మా" అని మానెడు బియ్యం పోసింది. దొంగను పట్టుకున్నానన్న గర్వంతో ఉన్న నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది.

ఆమె పెళ్లి 1921 వేసవిలో జరిగింది. ఆ యేడు మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం జరిగింది. గాంధీగారు వచ్చారు. పింగళి వెంకయ్యగారు జాతీయ పతాకం నమూనాను ఆయన చేతికి ఇచ్చింది ఆ సందర్భంలోనే. మామ్మ తండ్రి ఆ సమావేశానికి వెళ్లి, ఆయన మాటలు విని, తిరిగివచ్చి ఖద్దరు కట్టారు. తరువాత రెండు నెలలకే తొమ్మిదేళ్ల కూతురిని పీటల మీద కూర్చోబెట్టారు. ఈ రెండు పనులకూ పొంతన కుదరదన్న సంగతి ఆ కాలంలో చాలామంది పెద్దమనుషులకు తోచలేదు. ఆడపిల్ల పెళ్లికి పధ్నాలుగేళ్లు నిండాలన్న శారదా చట్టం అమలులోకి రావడానికి ఇంకా తొమ్మిదేళ్లు పట్టింది.

1925లో ఆమెను కాపురానికి పంపారు. కాలువ పడవలో కొంతదూరం, ఎడ్లబండిలో కొంతదూరం ప్రయాణం చేసి, బల్లకట్టు మీద కృష్ణపాయ దాటి ఆమె దివికి వచ్చింది. అత్తవారింట్లో ఆమెకు మొదట దగ్గరైన మనిషి మా తాతయ్య అక్కగారు. ఎనిమిదేళ్లకే వితంతువైన ఆమె పుట్టింటనే ఉండిపోయింది. వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నలభై నాలుగేళ్లు గడిచినా ఆ కబురు మా గడప దాటి లోపలికి రాలేదు. అయితే ఆ ఇల్లాలికి అక్షరాలు వచ్చు. తమ్ముడికి చదువు చెప్పడానికి వచ్చిన పంతులుగారి మాటలు తలుపు వెనుక నుంచి విని నేర్చుకున్నదట. మధ్యాహ్నం మగవాళ్లు నడుం వాల్చిన వేళ, పెరటి ఇసుకలో వేలితో రాసి, ఆమె మామ్మకు ఓనమాలు నేర్పింది. ఎవరైనా వస్తున్న అలికిడి అయితే కాలితో చెరిపివేసేవారు. ఏడాది తిరిగేసరికి మామ్మ పెద్దబాలశిక్ష కూడబలుక్కొని చదవగలిగింది.

ఈ చదువు ఊరికి ఉపయోగపడింది. దూరదేశంలో కొడుకులున్న తల్లులు, కాపురానికి వెళ్లిన కూతుళ్ల నుంచి ఉత్తరాలు వచ్చిన ఆడవాళ్లు, ఆ కార్డు ముక్క కొంగున దాచుకొని మా పెరటి గుమ్మంలోకి వచ్చేవారు. మామ్మ ముందు తనలో తాను చదువుకొనేది. మంచి కబురైతే వెంటనే చదివి వినిపించేది. చెడు కబురైతే లేచివెళ్లి ఒక గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆ మనిషి చేతికిచ్చి, తాగిన తరువాత చెప్పేది. ఇది అందరికీ తెలిసిపోయింది. మామ్మ నీళ్లకుండ వైపు నడిస్తే చాలు, వచ్చిన ఇల్లాలు ఏడుపు లంకించుకొనేది. ఒకసారి నిజంగా తనకే దాహం వేసి లేచి, ఆ తల్లిని ఊరికే హడలగొట్టినందుకు మామ్మ ఆ రోజంతా నొచ్చుకున్నది.

ఆమె కన్నది ఏడుగురిని. బ్రతికి పెద్దవాళ్లయింది నలుగురు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఒక బిడ్డ ఇరవై రోజులకే పోయింది. ఆరేళ్ల కొడుకు, మూడేళ్ల కూతురు ఒకే వారంలో మశూచికి పోయారు. ఊళ్లోకి టీకాలవాడు వచ్చినప్పుడు, అమ్మవారికి ఆగ్రహం వస్తుందని పెద్దలు పిల్లల్ని గాదె వెనుక దాచిపెట్టడం ఆనాడు మామూలు. మా ఇంట్లోనూ దాచారు. మామ్మ ఎదురుచెప్పలేదు. ఎదురుచెప్పే వయస్సూ కాదు, స్వభావమూ కాదు. ఆ తరువాత మాత్రం టీకాలవాడు వచ్చిన ప్రతిసారీ ఇంట్లోని పిల్లలందరినీ తానే వెంటబెట్టుకొని తీసుకువెళ్లేది. అంతటితో ఆగక, భయపడే తల్లుల ఇళ్లకు పోయి, వాకిట్లో కూర్చొని, వాళ్లు సరేననేదాకా లేచేది కాదు. వాదించేది కాదు, ఊరికే కూర్చొనేది. "ఆ ఇద్దరి తల్లి వచ్చి కూర్చుంటే ఎవరు కాదంటారు?" అని మా ఊరి ముసలమ్మ ఒకామె నాతో అన్నది. నా భుజం మీద ఇప్పటికీ ఉన్న రూపాయి బిళ్లంత మచ్చ మామ్మ ఒడిలో కూర్చొని వేయించుకున్నదే.

1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి సమూలంగా అంతరించిందని ప్రకటించింది. ఆ రోజుల్లో నేను విజయవాడలో ఒక పత్రికలో ఉప సంపాదకుడిని. ఊరికి వెళ్లినప్పుడు ఆ వార్త ఆమెకు చదివి వినిపించాను.

"ఇక ఎప్పటికీ రాదా?" అని అడిగింది.

"రాదు మామ్మా."

"ఎవరికీనా?"

"ఎవరికీ రాదు."

ఆమె మరేమీ అనలేదు. ఇంకా పొద్దు వాలకముందే లేచి దేవుడి దగ్గర దీపం పెట్టింది. మరుసటి యేడు జనాభా లెక్కలకు బడిపంతులు ఒకాయన వచ్చాడు. పిల్లలెందరమ్మా అని అడిగాడు. "ఏడుగురు" అన్నది. ఇప్పుడున్నది ఎందరని అడిగితే, "ఉన్నది నలుగురు నాయనా. ఏడుగురని రాయి" అన్నది. ఆ ఫారంలో పుట్టినవారికి ఒక గడి, జీవించి ఉన్నవారికి ఒక గడి వేరువేరుగా ఉన్నాయని ఆయన చూపించినప్పుడు ఆమెకు కలిగిన తృప్తి నాకు బాగా జ్ఞాపకం.

ఆమె స్వంత పేరు మా ఊళ్లో దాదాపు ఎవరికీ తెలియదు. అత్తకు కోడలుగా, మరుదులకు వదినగా, ఆపై ఊరందరికీ మామ్మగారుగా ఆమె జీవితం గడిచింది. ఇందులో వింత లేదు. మన ప్రథమ సాధారణ ఎన్నికల కోసం ఓటర్ల జాబితాలు తయారు చేసినప్పుడు దేశంలో సుమారు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానా వారి భార్యననో, ఫలానా వారి తల్లిననో మాత్రమే చెప్పినందువల్ల జాబితాలకు ఎక్కలేకపోయారు. వారిలో హెచ్చుమంది ఉత్తరాది రాష్ట్రాలవారు. మా ఇంటికి లెక్కలు రాసుకొనేందుకు వచ్చిన గుమాస్తాకు తాతయ్య, "మా ఇంట్లోవాళ్లని రాసుకోండి" అని చెప్పారట. అలా కుదరదని అతడు నసుగుతుండగా తలుపు వెనుక నుంచి ఒక మెత్తని గొంతు ఒక పేరు పలికింది. ఆ పేరు ఇంట్లో వినబడి ఇరవై అయిదేళ్లు దాటిందని తాతయ్య అక్కగారు చెబుతుండేది.

1952లో మామ్మ ఓటు వేసింది. అప్పటికి మాది మద్రాసు రాష్ట్రం. అభ్యర్థి కొక పెట్టె చొప్పున గుర్తులంటించి గదిలో వరుసగా పెట్టేవారు. కావలసిన పెట్టెలో చీటీ వేసి రావడమే. ఇంటికి వచ్చాక తాతయ్య, ఏ పెట్టెలో వేశావని అడిగారు. "రహస్యంగా వేయమన్నారు కదండీ" అన్నదట మామ్మ. ఆయన పోయేవరకూ అడిగారు. ఆమె చెప్పలేదు.

తాతయ్య 1964లో పోయారు. ఆయన విల్లు రాయలేదు. దినవారాలు ముగిసిన తరువాత నాన్నగారు, బాబాయి పొలం పంచుకోవడానికి కూర్చున్నారు. ఆడపడుచుల చేత హక్కు వదులుకొన్నట్లు సంతకాలు చేయించుకొనే కాగితాలు అప్పటికే సిద్ధమయ్యాయి. అందరిళ్లలో జరిగే తంతే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం భర్త వాటాలో భార్యకూ, కూతుళ్లకూ భాగం ఇచ్చిందని మామ్మ పత్రికలో చదివి ఉన్నది. ఆ సంగతి ఎనిమిదేళ్లుగా ఆమె మనసులో ఉన్నట్లు ఎవరికీ తెలియదు. అందరికీ కాఫీలు ఇచ్చి, స్తంభం పక్కన కూర్చొని, "నాది నాకు కొలిచి ఇవ్వండి నాయనా" అన్నది.

నాన్నగారు నిర్ఘాంతపోయారు. "నీకు మేము లోటు చేస్తామా అమ్మా?"

"చెయ్యరు. అందుకే అడుగుతున్నాను. లోటు చేసేవాళ్లయితే అడిగినా ఇవ్వరుగా?"

తన పాలికి వచ్చినదాన్ని ఇద్దరు కూతుళ్ల పేర రాయించింది. ఆ కాగితాల మీద కూతుళ్ల సంతకాలు ఎవరూ అడగకుండా తీసి, దూలంలో దోపింది. కొడుకులు కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. ఆమె వాళ్లకు వడ్డించే నెయ్యి మాత్రం తగ్గలేదు.

ఇక 1977 సంగతి.

ఆ యేడు నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. సార్వా పంట కోతకు వచ్చి ఉన్నది. తుఫాను వస్తుందని రేడియో హెచ్చరించింది. తుఫానులు మాకు కొత్త కాదు. గాలి వీస్తుంది, పాకలు ఎగురుతాయి, చెట్లు పడతాయి, మర్నాడు లేచి సర్దుకుంటారు. సముద్రమే లేచి ఊళ్ల మీదికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. సాయంత్రానికి పదిహేను అడుగులకు పైబడిన ఉప్పెన దివిసీమ మీద విరుచుకుపడింది. చనిపోయినవారు సుమారు పదివేల మంది అని ప్రభుత్వ లెక్క. అంతకంటే చాలా ఎక్కువని దివిసీమలో ఎవరినడిగినా చెబుతారు.

నేను అప్పుడు ఊళ్లో లేను. విన్నదే రాస్తున్నాను. మా పెంకుటింటి గోడలు కదలడం మొదలుకాగానే బాబాయి, పిన్ని, వాళ్ల కొడుకు, అయిదేళ్ల కూతురు, మామ్మ వీధికి అవతలనున్న డాబా ఇంటికి పోవడానికి బయలుదేరారు. నిండా నలభై గజాల దూరం లేదు. బాబాయి కొడుకును భుజాన ఎత్తుకొని ముందు నడిచాడు. పిన్ని అతడి పంచె చెంగు పట్టుకున్నది. చిన్నపిల్ల చెయ్యి పట్టుకొని మామ్మ వెనుక నడిచింది. వాళ్లు వీధి మధ్యకు వచ్చేసరికి నీళ్లు వచ్చాయి. ముగ్గురు డాబా మెట్లకు అందారు. మామ్మను మర్నాడు ఉదయం ఊరి చివర తుమ్మచెట్టు కొమ్మల్లో చూశారు. ఒళ్లంతా ముళ్లు. ప్రాణం ఉన్నది. పిల్ల దొరకలేదు.

నేను నాలుగవ రోజున ఊరు చేరాను. అవనిగడ్డ దాకా లారీలో వచ్చి, అక్కడి నుంచి నడిచాను. దారి పొడుగునా చూసినదాన్ని ఇక్కడ రాయను. డాబా ఇంటి వరండాలో మామ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నది. నన్ను చూసి, "అన్నం తిన్నావా నాన్నా?" అన్నది. తరువాత మాట్లాడలేదు.

దివిలో భూమిలోని నీరు ఉప్పు. తాగడానికి చెరువులే దిక్కు. ఆ చెరువులన్నీ కళేబరాలతో నిండిపోయాయి. సహాయ బృందాలవారు దేశం నలుమూలల నుంచి వచ్చారు. లారీలలో నీళ్లు తెచ్చారు, చెరువులు తోడించారు, సున్నమూ బ్లీచింగు పొడీ చల్లారు. ఆరవ రోజునో, ఏడవ రోజునో మామ్మ లేచింది. ఒక కుండ సంపాదించి, కాలువ నీళ్లు తెప్పించి, ఎక్కడి నుంచో తెచ్చిన చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీయడం మొదలుపెట్టింది. చిల్లగింజ అరగదీస్తే నీటిలోని మడ్డి అడుగుకు చేరి పైన నీరు తేరుకుంటుంది; అది పాతకాలపు పద్ధతి. తేరిన నీటిని వడగట్టి, కాచి, తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలున్న గుడారానికి పంపింది. ఆ శీతకాలమంతా రోజూ అదే పని. చిల్లగింజ అరిగి అరిగి ఆమె వేలి గోళ్లు కూడా అరిగిపోయాయని పిన్ని చెప్పింది.

పొలాలు ఉప్పు తేలి తెల్లగా మెరిశాయి. విత్తనం గింజ లేదు. మామ్మ సొరబుర్రలో బూడిద కలిపి దాచే బీర, పొట్ల, గుమ్మడి, గోంగూర విత్తనాలు కూడా నీటిపాలయ్యాయి. మరుసటి వేసవిలో పై మాగాణిలో ఉన్న మేనత్తలిద్దరూ బండి మీద విత్తనాల వడ్లు పంపారు. అవి 1964లో మామ్మ వాళ్లకు రాసి ఇచ్చిన పొలంలో పండినవి. నాన్నగారు ఆ బస్తాలు దింపించి, చాలాసేపు వాటి మీద చెయ్యి వేసి నిలబడ్డారు. మామ్మ మాత్రం బండివాడికి మజ్జిగ ఇచ్చారా లేదా అని కనుక్కొంటున్నది.

నేను చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పాలి. 1987లో ఉప్పెనకు పదేళ్లు నిండిన సందర్భంగా మా పత్రిక ప్రత్యేక సంచిక తలపెట్టింది. ప్రత్యక్షంగా అనుభవించినవారి మాటలు కావాలన్నారు. మా ఇంట్లోనే ఒక మనిషి ఉన్నదని గొప్పగా చెప్పి, నోటు పుస్తకం పట్టుకొని ఊరికి వెళ్లాను. మామ్మ బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతున్నది. పక్కన కూర్చొని, ఆ రాత్రి ఏం జరిగింది మామ్మా అని అడిగాను. ఆమె చేతులు ఆగిపోయాయి. చాలాసేపు చేటలోకి చూస్తూ ఉండిపోయింది.

"దాని చెయ్యి మరీ చిన్నది నాన్నా" అన్నది.

అంతే. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. రాత్రి నేను నోటు పుస్తకం సంచిలో అడుగున పెట్టేశాను. ఆ సంచికకు వేరొకరి చేత రాయించారు. పదేళ్లుగా ఆమెను ఎవరూ అడగకుండా కాపాడిన ఇంట్లోకి, చదువుకున్నవాణ్ణి, నేను పుస్తకం కలం పట్టుకొని వెళ్లాను.

ఆ మాట విన్న తరువాతనే నాకు మరొక సంగతి అర్థమయింది. ఉప్పెన తరువాత పుట్టిన పిల్లలు మామ్మ మీద ఒకే ఒక ఫిర్యాదు చేసేవారు. కాలువ గట్టుకో, తీర్థానికో తీసుకువెళ్లేటప్పుడు ఆమె వాళ్ల వేళ్లు పట్టుకొనేది కాదు. మణికట్టు దగ్గర బిగించి పట్టుకొనేది. "మామ్మా, నొప్పి" అంటే కొంచెం సడలించేది గాని వదిలేది కాదు. పువ్వును కూడా నలగకుండా కోసే మనిషికి ఇంత పట్టు ఎక్కడిదా అని మేమంతా నవ్వుకొనేవాళ్లం.

1990 మే నెలలో మళ్లీ పెనుతుఫాను వచ్చింది. మే 9న కృష్ణా ముఖద్వార ప్రాంతంలోనే తీరం దాటింది. గాలి తీవ్రతలో అది 1977 నాటిదానికి తీసిపోయేది కాదు. అయితే ఈసారి హెచ్చరికలు ముందుగా వచ్చాయి. అధికారులు జీపుల మీద మైకులు పెట్టుకొని ఊరూరా తిరిగారు. కోస్తా జిల్లాలలో ఆరు లక్షల మందికి పైగా జనాన్ని సురక్షిత ప్రదేశాలకు తరలించారు. ఉప్పెన తరువాత కట్టిన తుఫాను షెల్టర్లు అక్కరకు వచ్చాయి. చనిపోయినవారి సంఖ్య వెయ్యి లోపలే ఉన్నది. అదీ చిన్న సంఖ్య కాదు. కాని పదమూడేళ్ల నాటి పదివేలతో పోల్చి చూడాలి.

మా వీధిలో చాలామంది కదలనన్నారు. గేదెలున్నాయి, గడ్డివాములున్నాయి, ఇంట్లో మినుములున్నాయి, వదిలి ఎట్లా పోవడం? బాబాయి కూడా రేపు చూద్దామన్నాడు. అప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ల మామ్మ గుమ్మం దిగి వీధి మధ్యకు వచ్చింది. పదమూడేళ్ల నాడు నీళ్లు వచ్చిన చోటే నిలబడింది. "లేవండర్రా!" అని అరిచింది. ఊరు ఊరంతా తలుపులు తెరుచుకొని బయటికి వచ్చి చూసిందట. "పిల్లల్ని ఎత్తుకోండి! నడిపించకండి, ఎత్తుకోండి!" అని గొంతు చిరిగేటట్లు కేకలు పెడుతూ ఆమె ఇంటింటికీ తిరిగింది. ఒకాయన గేదెను విప్పుతుంటే, ఆ పలుపు లాక్కొని విసిరేసి, అతడి కూతుర్ని తెచ్చి చంకన పెట్టింది. సాయంత్రానికి వీధి ఖాళీ అయింది. షెల్టరులో ఆ రాత్రంతా ఆమె పిల్లల్ని లెక్కపెడుతూనే ఉన్నది. తెల్లవారేసరికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. వారం రోజులు సైగలతో గడిపింది. తిరిగి వచ్చిన గొంతు పాత గొంతే, ఎప్పటిలాగే మెత్తనిది.

మా వీధిలో ఆ తుఫానుకు ఒక్కరూ పోలేదు. గేదె పలుపు పోగొట్టుకున్న ఆయన సంక్రాంతికి సంక్రాంతికి ఆమెకు కొత్త బెల్లం తెచ్చి ఇచ్చేవాడు.

ఆ తరువాత పద్దెనిమిదేళ్లు పైగా ఆమె బ్రతికింది. చూపు తగ్గింది, చెవి తగ్గింది, నడుము వంగింది. పత్రిక చదవడం పోయింది గనుక నేను వెళ్లినప్పుడు చదివించుకొనేది. సొరబుర్ర మళ్లీ నిండింది. పెళ్లయి వెళ్లే ప్రతి మనుమరాలి చీరెల మధ్య ఒక చిన్న గుడ్డమూటలో బీర విత్తనాలు, గోంగూర విత్తనాలు పెట్టి పంపేది. వాటిలో కొన్ని ఇప్పుడు అమెరికాలో ఒక ఇంటి పెరట్లో కాస్తున్నాయని మా చెల్లెలు ఫోటో పంపింది. బీరపాదు మన ఊళ్లో కన్నా ఏపుగా ఉన్నది.

2009 ఫిబ్రవరిలో ఒక రాత్రి బాబాయి ఫోను చేశాడు. నేను వెళ్లేసరికి మామ్మకు స్పృహ వస్తూ పోతూ ఉన్నది. జ్వరం లేదు, బాధ లేదు. మంచం పట్టి నాలుగు రోజులే అయింది. నేను పక్కన కూర్చున్నాను. అర్ధరాత్రి దాటిన తరువాత ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మణికట్టును పట్టుకున్నది. అంత బలం ఆ చేతిలో ఇంకా ఉందని నేను అనుకోలేదు. నేను కదలలేదు. పిన్ని దీపం వత్తి సవరించి వచ్చి కూర్చున్నది. తెల్లవారుజామున, రోజూ ఆమె దాలి రాజేసే వేళకు, ఆ వేళ్లు వాటంతట అవే సడలాయి.

పదిరోజుల తరువాత మరణం నమోదు చేయించడానికి పంచాయతీ కార్యాలయానికి వెళ్లాను. అక్కడి గుమాస్తా మా వీధి కుర్రవాడే. 1990లో షెల్టరులో ఆమె లెక్కపెట్టిన పిల్లల్లో ఒకడు. పుట్టిన తేదీ అడిగాడు. ఢిల్లీ దర్బారు సంగతి చెప్పాను. నవ్వి, వయస్సు గడిలో 97 అని రాసుకున్నాడు. పేరు అడిగాడు. చెప్పాను. అతడు కలం ఆపి నా వంక చూశాడు.

"మామ్మగారి పేరు అదా అండీ?" అన్నాడు.